పాటకి మార్కులా, పాడే ఆడదానికా?

మూడేళ్ళ క్రితం రాజమండ్రిలో జరిగిన ఒక పాటల పోటీకి నన్ను న్యాయనిర్ణేతగా పిలిచారు. నాకు సంగీతంలో డిప్లొమా లేదు. చిన్నప్పుడు ఆరేళ్ళు నేర్చుకుని, తర్వాత సామాజికశాస్త్రం వైపు వచ్చేశాను. ఆ మాటే చెబితే నిర్వాహకుడు, "ముగ్గురిలో ఒక లేడీ ఉండాలి కదండీ మేడమ్‌గారూ" అన్నాడు. ఆ ఖాళీని పూరించడానికే వెళ్ళాను.

చేతికి మార్కుల కాగితం ఇచ్చారు. శ్రుతికి 25, లయకి 25, సాహిత్యోచ్చారణకి 20, భావానికి 15. చివర మరో గడి ఉంది. 'వేదికపై ప్రవర్తన, వేషధారణ' అని, దానికీ 15. అప్పుడు ఆ గడి గురించి నేనేమీ అడగలేదు. ఇప్పుడు ఈ వ్యాసం రాస్తున్నది ఆ గడి గురించే.

ఆఖరి విడతకి ఇద్దరు అమ్మాయిలు మిగిలారు. మొదటి అమ్మాయి పట్టుచీర కట్టుకుని, తల్లో పూలు పెట్టుకుని వచ్చి త్యాగరాజ కీర్తన పాడింది. వాళ్ళ నాన్నగారు ముందు వరసలో కూర్చున్నారు. పై షడ్జం దగ్గర రెండుసార్లు శ్రుతి జారింది. అనుపల్లవి ఎత్తుగడలో తాళం తడబడింది. మొత్తం మీద శుభ్రంగా, భయంభయంగా పాడింది. రెండో అమ్మాయి కోనసీమలోని ఒక ఊరి నుంచి వచ్చింది. పాత వాయిలు చీర. క్షేత్రయ్య పదం ఒకటి ఎత్తుకుంది. గొంతు కాస్త కింది స్థాయిలో ఉంది గానీ ఎక్కడా శ్రుతి వదల్లేదు. ఒకే పాదాన్ని ఐదారు రకాలుగా తిప్పింది. ఒకసారి నిష్ఠూరంగా, ఒకసారి ఎగతాళిగా, ఒకసారి అలసిపోయినట్టుగా. కూర్చునే పాడుతోంది. కుడిచెయ్యి, కళ్ళు మాత్రం పాటతోపాటు కదులుతున్నాయి. హాలంతా ఒక నిమిషం నిశ్శబ్దమైపోయింది. తర్వాత వెనక నుంచి ఒక దగ్గు, ఆపైన ఒక నవ్వు వినిపించాయి.

నా పక్కనున్న పెద్దమనిషి వంగి, "పాట బాగానే ఉందండీ. ఆ చూపులే... పిల్లలు కూడా చూస్తున్నారు కదా" అన్నారు. రెండో ఆయన తల ఊపారు. నేను ఏమీ అనలేదు.

తర్వాత లెక్క చూశాను. శ్రుతి, లయ, సాహిత్యం, భావం, ఈ నాలుగు గడుల్లో మా ముగ్గురి మార్కులూ కలిపితే పదం పాడిన అమ్మాయికి 14 మార్కులు ఎక్కువ వచ్చాయి. చివరి గడిలో మొదటి అమ్మాయికి 40, ఈమెకి 17. మొత్తం మీద 9 మార్కుల తేడాతో ఓడిపోయింది. ఆ 17లో ఒకరు వేసినవి 4, ఇంకొకరు వేసినవి 5. మిగిలిన 8 నేను వేసినవి. పట్టుచీర అమ్మాయికి అదే గడిలో 13 వేసిన చేత్తో ఈమెకి 8 ఎందుకు వేశానని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. నేనూ 13 వేసినా ఆమె గెలిచేది కాదు. కానీ ఈ లెక్క నాకు సమాధానం కాదు. పితృస్వామ్యం మీద పాతికేళ్ళుగా మాట్లాడుతున్న నా చేతికి కూడా ఆ గడి ఎలా నింపాలో ఎవరూ చెప్పనక్కర లేకుండానే తెలుసు!

మొదటి బహుమతి అంటే డబ్బొక్కటే కాదు. ఆ ఏడాది ఉత్సవాల్లో కచేరీ, దాన్నుంచి మరో రెండు కచేరీలు, ఒక బడిలో సంగీతం టీచరు ఉద్యోగానికి పనికొచ్చే కాగితం. అంటే ఒక మనిషి బతుకుదెరువు. "పోటీలే కదా, ఎందుకంత రాద్ధాంతం" అనేవాళ్ళకి ముందుగా చెప్పవలసిన మాట ఇది.

చెవి అమాయకమైనదా?

సంగీతం విని మంచిచెడ్డలు చెప్పడం కేవలం చెవి పని అని మనకి నేర్పారు. శ్రుతికి కులం లేదంటారు, లయకి లింగభేదం లేదంటారు. రసికుడైన శ్రోత వీటన్నిటికీ అతీతుడంటారు. ఈ నమ్మకం ఎంత బలహీనమైనదో పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం మీద జరిగిన ఒక ప్రయోగం చూపించింది. 2013లో చియా జంగ్ సే అనే పరిశోధకురాలు, తానూ సంగీతకారిణే, అంతర్జాతీయ పోటీల్లో చివరికి మిగిలిన ముగ్గురేసి కళాకారుల ముక్కల్ని జనానికి ఇచ్చింది. కొందరికి శబ్దం మాత్రమే వినిపించింది. కొందరికి శబ్దం తీసేసి బొమ్మ మాత్రమే చూపించింది. గెలిచిందెవరో చెప్పమంది. గుడ్డిగా చెప్పినా మూడింట ఒక వంతు సరిపోవాలి. శబ్దం మాత్రమే విన్నవాళ్ళు ఆ మాత్రం కూడా చెప్పలేకపోయారు. ఏమీ వినకుండా బొమ్మ మాత్రమే చూసినవాళ్ళు దాదాపు సగం సార్లు సరిగ్గా చెప్పారు. సంగీతమే వృత్తిగా ఉన్నవాళ్ళకీ అదే ఫలితం వచ్చింది. మరి అసలు న్యాయనిర్ణేతలు దేన్ని బట్టి తీర్పు చెప్పినట్టు? అయితే ఈ ఫలితం అన్ని రకాల ముక్కలకీ ఇంత బలంగా నిలవదని 2018లో వేరే పరిశోధకులు చూపించారు. అది కూడా చెప్పుకోవాలి. చెవి ఎప్పుడూ ఓడిపోతుందని నేననడం లేదు. ఒంటరిగా పనిచేయదని మాత్రమే అంటున్నాను.

అమెరికాలో ఆర్కెస్ట్రాల అనుభవం ఇంకొకటి. 1970ల తర్వాత అక్కడ చాలా ఆర్కెస్ట్రాలు వాద్యకారుల ఎంపికకి అడ్డంగా తెర కట్టడం మొదలుపెట్టాయి. అడుగుల చప్పుడును బట్టి ఆడో మగో పోల్చుకోకుండా కొన్నిచోట్ల కింద తివాచీ పరిచారు. 2000లో క్లాడియా గోల్డిన్, సిసీలియా రౌస్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రవేత్తలు, తెర వల్ల స్త్రీలు ముందు విడతలు దాటే అవకాశం పెరిగిందని రాశారు. గోల్డిన్‌కి 2023లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఆ లెక్కలు అంత గట్టివి కావని తర్వాత విమర్శలు వచ్చాయి. గట్టివో కావో గాని, తివాచీ సంగతి మాత్రం ఒకటి ఒప్పుకుంటోంది. మడమల చప్పుడు వినిపిస్తే వయొలిన్ వేరేగా వినిపిస్తుందని ఆ సంస్థలకే తెలుసు.

మన డెల్టాలో ఆ చప్పుడు చెప్పుల మడమలది కాదు, గజ్జెలది. ఎప్పుడో విప్పేసిన గజ్జెల చప్పుడు ఇవాళ్టి శ్రోతకి ఇంకా వినిపిస్తోంది.

ఎవరి పాట, ఎవరి మర్యాద?

గోదావరి డెల్టాలో పదాలు, జావళులు, సలాం దరువులు, భామాకలాపం, గొల్లకలాపం తరతరాలుగా నిలబెట్టినవాళ్ళు కళావంతుల స్త్రీలు. ముమ్మిడివరం, మురమండ, మండపేట, బల్లిపాడు, పెద్దాపురం, ఈ ఊళ్ళన్నీ వాళ్ళ మేళాలకి పేరుపడ్డవే. గుళ్ళలో కేళికలు, జమీందారుల ఇళ్ళల్లో మేజువాణీలు, పెళ్ళిళ్ళలో మేళాలు. సంగీతం, సాహిత్యం, అభినయం, కొందరికి సంస్కృతం కూడా. మిగతా కులాల ఆడవాళ్ళకి అక్షరం ముక్క రాకుండా కాపలా కాసిన రోజుల్లో చదువుకున్న ఆడవాళ్ళు వీళ్ళే. ఆ చదువుకి, ఆ పాటకి వాళ్ళు చెల్లించిన వెల ఏమిటో కూడా మనకి తెలుసు. పెళ్ళి లేదు. పోషకుడి దయ ఉన్నంతకాలమే ఇల్లూ పొలమూ. కూతురు పుడితే ఆ బతుకే దానికీ. ఆ వ్యవస్థ మళ్ళీ రావాలని నేను కోరడం లేదు. ఆ కులంలోనే పుట్టిన యామినీ పూర్ణతిలకం వంటి స్త్రీలు దాన్నుంచి బయటపడడానికి పోరాడారు. ఆ పోరాటాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు.

అయితే సంస్కరణ ఏం చేసిందో చూడండి. 1947లో మద్రాసు దేవదాసీల చట్టం వచ్చింది. 1956లో ఆంధ్ర రాష్ట్రంలో చేసిన సవరణతో పెళ్ళిళ్ళలో, వేడుకల్లో మేళాలు కూడా నేరమయ్యాయి. పోషించిన జమీందారుకి శిక్ష లేదు. పొలాలు రాసిచ్చి వెనక్కి లాక్కున్నవాళ్ళకి శిక్ష లేదు. పాడిన స్త్రీ నోరు మూతపడింది. వేరే పని చూపించారా? సంగీతం నేర్పే ఉద్యోగాలిచ్చారా? లేదు. మగవాడి నేరానికి ఆడదాని పాటని జైల్లో పెట్టడం మనకి కొత్త కాదు.

అదే 1956లో స్థానం నరసింహారావుగారికి పద్మశ్రీ ఇచ్చారు. ఆయన గొప్ప నటుడు. సందేహం లేదు. 'శ్రీకృష్ణ తులాభారం'లో సత్యభామగా, 'కన్యాశుల్కం'లో మధురవాణిగా ఆంధ్రదేశాన్ని ఉర్రూతలూగించిన మనిషి. 1970లో కూచిపూడి వేదాంతం సత్యనారాయణ శర్మగారికి కూడా పద్మశ్రీ వచ్చింది. ఆయన భామాకలాపంలో సత్యభామ. వాళ్ళకి ఇచ్చిన గౌరవం మీద నాకు ఫిర్యాదు లేదు. నా ప్రశ్న వేరు. సత్యభామ జడ వేసుకుని మగవాడు వాలుచూపు చూస్తే అది కళ. ఆ సత్యభామనే తరతరాలుగా ఆడుతున్న ఆడది ఆ చూపే చూస్తే నేరం! మగవాడు వేశ్య వేషం కడితే బిరుదు, ఆ కులంలో పుట్టిన స్త్రీ తన పాట తాను పాడుకుంటే పోలీసు. ఇందులో శ్రుతి ఎక్కడుంది? లయ ఎక్కడుంది?

దీనికి మూలాలు మన రాజమండ్రిలోనే ఉన్నాయి. వీరేశలింగంగారంటే నాకు గౌరవం. 1881లో ఈ ఊళ్ళో మొదటి వితంతు వివాహం చేయించిన మనిషి ఆయన. కానీ ముద్దుపళని 'రాధికా సాంత్వనం' గురించి ఆయన 'ఆంధ్ర కవుల చరిత్ర'లో రాసింది చదివితే, పద్యం బాగుందా లేదా అన్న విమర్శ, రాసింది ఎవరు అన్న ఏవగింపులో కలిసిపోయి కనబడుతుంది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ ఆ కావ్యాన్ని పూర్తిగా అచ్చు వేయించి, ఆ విమర్శకి ఎదురు ప్రశ్న వేసింది. ఇలాంటి వర్ణనలే మగకవులు రాసినప్పుడు రాని సిగ్గు, ఆడకవి రాస్తే ఎందుకు వచ్చిందని. ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశంగారి ప్రభుత్వ కాలంలో నిషేధం తొలిగి, 1952లో అది మళ్ళీ అచ్చయింది. ఈ చరిత్ర మన పాఠకులకి తెలియనిది కాదు. నేను గుర్తు చేస్తున్నది ఒక్కటే. నాగరత్నమ్మ వేసిన ప్రశ్న పుస్తకాలకే కాదు, పాటల పోటీ మార్కుల కాగితానికీ వర్తిస్తుంది.

ఆ నాగరత్నమ్మే తన సొమ్ముతో తిరువయ్యారులో త్యాగరాజు సమాధికి గుడి కట్టించింది. ఆమె పూనుకున్న రోజుల్లో అక్కడి ఆరాధనలో ఆడవాళ్ళకి పాడే హక్కు లేదు. స్త్రీలని కూడగట్టి వేరేగా పాడించి, పోట్లాడి, ఆ హక్కు సంపాదించింది. ఇవాళ మన జిల్లాల్లో ఊరూరా త్యాగరాజ ఆరాధనలు జరుగుతున్నాయి. పట్టుచీరల్లో వరసగా కూర్చుని పంచరత్నాలు పాడే ఆడవాళ్ళకి, ఆ చోటు తెచ్చిపెట్టింది ఒక దేవదాసి కూతురని ఎవరైనా చెబుతున్నారా?

సభల్లో ఇంకో అలవాటు ఉంది. వక్త మైకు పట్టుకోగానే జిల్లా గొప్ప చెబుతాడు. శంకరగుప్తంలో పుట్టిన బాలమురళీకృష్ణ, ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, కాకినాడ చిట్టిబాబు. నిజమే, అందరూ మహానుభావులే. కానీ ఆ జాబితాలో బల్లిపాడు మదనగోపాలస్వామి గుడి సంప్రదాయాన్ని కాపాడిన సారిదే మాణిక్యమ్మ పేరు నేను ఒక్క సభలోనూ వినలేదు. హైదరాబాదులో నటరాజ రామకృష్ణగారు అభినయ సదస్సు పెట్టి ఈ వృద్ధ కళాకారిణులను వేదిక ఎక్కించేదాకా వాళ్ళు బతికి ఉన్నారన్న సంగతే రాష్ట్రానికి పట్టలేదు.

గొంతుకి శీలం

శరీరం కనబడకపోతే ఈ జబ్బు పోతుందా? అంత సులువు కాదు. సినిమా పాట చూడండి. అక్కడ పాడే మనిషి కనబడదు. గొంతే ఉంటుంది. అయినా మన శ్రోత ఆ గొంతుకి కూడా శీలం అంటగట్టాడు. సుశీల గొంతు ఇల్లాలి గొంతు. ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు క్లబ్బు డాన్సరు గొంతు. ఈశ్వరికి శ్రుతి తక్కువా? శ్వాస మీద పట్టు తక్కువా? ఆ గొంతులో ఉన్న దమ్మూ తుళ్ళింతా కుటుంబ స్త్రీకి ఉండకూడదని నిర్మాతా, సంగీత దర్శకుడూ, శ్రోతా కలిసి తీర్మానించుకున్నారు. పల్చగా, పైస్థాయిలో, నదురుగా ఉంటే 'తియ్యని గొంతు'. కిందికి దిగి, కాస్త గరుకుగా, నిబ్బరంగా ఉంటే 'మగగొంతు', లేకపోతే 'ఆ టైపు గొంతు'. ఈ రెండింటి మధ్య ఎన్ని వేల మంది ఆడవాళ్ళ నిజమైన గొంతులు నొక్కుకుపోయాయో!

రేడియో కథ ఇంకా పాఠం చెబుతుంది. 1950లలో కేస్కర్ మంత్రిగా ఉన్నప్పుడు ఆకాశవాణి కళాకారుల ఎంపికకి ఆడిషన్ పద్ధతి పెట్టింది. పాడేది ఎవరో న్యాయనిర్ణేతలకి కనబడకుండా, గొంతు మాత్రమే విని గ్రేడు ఇవ్వాలని. మంచి పద్ధతే. కానీ అంతకుముందే, సర్దార్ పటేల్ ఆ శాఖ చూస్తున్న రోజుల్లో, సొంత జీవితం నలుగురి నోళ్ళలో నానుతున్న గాయనీగాయకులని రేడియోకి పిలవకూడదన్న నియమం వచ్చింది. దాని దెబ్బ ఎవరి మీద పడిందో వేరే చెప్పాలా? ఉత్తరాదిన తవాయిఫుల మీద. తెర కట్టడం ఒక ఎత్తు, తెర దగ్గరికి ఎవరిని రానిస్తారన్నది ఇంకో ఎత్తు. గేటు దగ్గరే సగం మందిని ఆపేసి, లోపలికి వచ్చినవాళ్ళని కళ్ళు మూసుకుని న్యాయంగా తూచాం అంటే అది న్యాయమా?

మామ్మగారి తీర్పు

పోటీ అయిన రెండు నెలలకి కోనసీమ వెళ్ళి ఆ అమ్మాయి ఇల్లు వెతుక్కున్నాను. క్షమాపణ చెప్పుకోవడానికే వెళ్ళాను గాని నోరు పెగల్లేదు. పదం నేర్పింది వాళ్ళ అమ్మమ్మ. ఎనభై దాటిన మనిషి. మేళాలు నేరమైన ఏడాదికి ఆమెకి పదహారేళ్ళు. అప్పుడు విప్పిన గజ్జె మళ్ళీ కట్టలేదు. తలుపులేసుకుని మనవరాలికి నేర్పింది.

"మామ్మగారూ, అప్పటి శ్రోతలు ఎలా వినేవాళ్ళు?" అని అడిగాను.

"అల్లాటప్పావోళ్ళు కాదు తల్లీ" అంది. "మా అమ్మ మేజువాణీకి కూకుంటే ఎదురుగా కూకున్నాయన ఏలు మీద తాళం ఏసేవోడంట. ఒక్క అక్షరం జారితే ఆ ఏలు ఆగిపోయేది. ఫలానా పదం, ఫలానా రాగంలో అని అడిగి పాడించుకునేవోరు. అంత తెలిసినోళ్ళు. తెల్లారి ఈధిలో ఎదురైతే మొకం తిప్పుకుని పోయేవోరు."

కాసేపాగి, "ఇప్పుడోళ్ళకి తాళం తెలీదు గానీ మొకం తిప్పుకోడం మాత్రం మర్చిపోలేదు" అంది.

పాత శ్రోతని పొగిడి కొత్త శ్రోతని తిట్టే పని నేను ఆమె మాటలతో చేయను. ఆమె చెప్పింది అంతకంటే కష్టమైన సంగతి. పాత రసికుడికి పాట విలువ పూర్తిగా తెలుసు. ఆ తెలివి పాడిన మనిషిని మనిషిగా చూడడానికి అతనికి పనికిరాలేదు. సంగీత జ్ఞానం పెరిగితే వివక్ష దానంతటదే పోతుందని చెప్పే మన సభల పెద్దలకి ఇదే జవాబు. పోదు. తీర్పు చెప్పే అధికారం ఎవరి చేతిలో ఉందో, పాడే మనిషి బతుకు ఎవరి దయ మీద ఆధారపడి ఉందో, అవి మారాలి.

ఆ అమ్మాయి ఇప్పుడు పదాలు పాడడం మానేసింది. భుజాల నిండా పైట కప్పుకుని పిల్లలకి భక్తి పాటలు నేర్పుతోంది. "చెయ్యి కదపకుండా పాడడం అలవాటు చేసుకుంటున్నానండి" అంది. ఆ మాట చెబుతున్నప్పుడు కూడా చెయ్యి కదిలింది. చూసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

మనం ఎలా వింటున్నాం?

ఇక మన సంగతి. మన సంఘాలు మార్చి 8న సభలు పెడతాయి. పాటలు లేకుండా మన సభ లేదు. వరినాట్లు వేసే కూలి ఆడవాళ్ళని మొదట ఒక పాట పాడించి, చప్పట్లు కొట్టి, పక్కన కూర్చోబెడతాం. తర్వాత చదువుకున్న కార్యకర్త మైకు తీసుకుని, శుభ్రమైన ఉచ్చారణతో, 'మంచి గొంతు'తో అసలు పాట పాడుతుంది. క్యాసెట్టు వేసినా, ఇప్పుడు వీడియో తీసినా, గొంతు ఎవరిదని ఎంచుకున్నాం? రోజంతా బురదలో వంగి, ఎండకి అరిచి అరిచి గరుకెక్కిన గొంతుని మనం 'జానపదం' అన్నాం. ఆ మాటలో ప్రేమ ఉంది. 'మాది కాదు' అన్న దూరం కూడా ఉంది. సంక్రాంతికి, జాతర్లకి రికార్డింగ్ డాన్సులు ఆపించమని మనం పోలీసు స్టేషన్లకి పిటిషన్లు పట్టుకెళ్ళాం. ఆ స్టేజీ ఎక్కే ఆడపిల్లని ఒక్కసారైనా మన మీటింగుకి పిలిచి, ఆ పనిలో ఆమెకి ఏం ఇబ్బంది, ఏం కూలి, ఏం కావాలి అని అడిగామా? సంస్కర్తలు 1956లో చేసిన పొరపాటే మనమూ చేస్తున్నామేమో ఆలోచించాలి.

సూత్రాలు వల్లిస్తే చాలదు కనక, ఏం చేయాలో కూడా చెబుతాను.

పోటీల మార్కుల కాగితాల్లో 'ప్రవర్తన', 'వేషధారణ', 'వేదికపై మర్యాద' లాంటి గడులు తీసేయించాలి. పాటకి పోటీ అయితే పాటకే మార్కులు. అభినయం ఉన్న పదానికి అభినయం సంగీతంలో భాగమే. దాన్ని అదే సంప్రదాయం తెలిసినవాళ్ళు తూచాలి.

మొదటి విడతైనా తెర వెనక, పేరు లేకుండా, అంకె మీద జరగాలి. తెర ఖరీదు ఒక దుప్పటి.

తెర దగ్గరికి రావడానికి అడ్డమయ్యేవన్నీ పోవాలి. గురువు సిఫార్సు ఉత్తరం, సభ సభ్యత్వం, ప్రవేశ రుసుము, ఇవి ఎవరిని బయట ఉంచుతున్నాయో ప్రతి సభనీ అడగాలి.

న్యాయనిర్ణేతల్లో సగం మంది స్త్రీలు ఉండాలి. నాలాగా ఖాళీ పూరించే స్త్రీలు కాదు. కళావంతుల కుటుంబాల నుంచి, బుర్రకథ, హరికథ దళాల నుంచి, పనిచేస్తూ పాడే ఆడవాళ్ళ నుంచి రావాలి. ఎవరు ఎన్ని మార్కులు ఎందుకు వేశారో నాలుగు వాక్యాలు రాసి, పోటీ అయ్యాక చదివి వినిపించాలి. "ఆ చూపులు బాగులేవు" అని చెవిలో చెప్పిన మాట మైకులో చెప్పమంటే ఎంతమంది చెప్పగలరో చూద్దాం.

డెల్టాలో ఇంకా మిగిలి ఉన్న ఆ తరం స్త్రీల పాటలని వాళ్ళ పేర్లతో, వాళ్ళ అనుమతితో, వాళ్ళకి ప్రతిఫలం ఇచ్చి రికార్డు చేయాలి. వాళ్ళ దగ్గర నేర్చుకుని వేదికలెక్కేవాళ్ళు గురువు పేరు చెప్పాలి. పేరు బయటికి రావద్దని ఆ కుటుంబాలు కోరుకుంటే ఆ కోరికనీ గౌరవించాలి. ఎందుకు దాచుకోవలసి వస్తోందో మాత్రం మనం మర్చిపోకూడదు. వృద్ధ కళాకారిణులకి పింఛను దయగా కాదు, తీసేసుకున్న జీవనోపాధికి పరిహారంగా అడగాలి.

చివరగా నాకు నేను పెట్టుకున్న నియమం ఒకటి చెప్పి ముగిస్తాను. ఆ తర్వాత రెండు పోటీలకి నన్ను మళ్ళీ పిలిచారు. ఆఖరి గడి తీసేస్తేనే వస్తానన్నాను. ఒక చోట, "అది లేకపోతే క్రమశిక్షణ ఎలాగండీ" అని వేరే లేడీని పెట్టుకున్నారు. రెండో చోట తీసేశారు. అక్కడ ఎవరు గెలిచారన్నది ఈ వ్యాసానికి అనవసరం. గెలిచినామె పాట వల్లే గెలిచింది, ఓడినామె పాట వల్లే ఓడింది. మూడేళ్ళ క్రితం ఓడిపోయిన ఆ అమ్మాయికి నేను బాకీ ఉన్నది కూడా అంతే. ఆ బాకీ నా ఒక్కదానిదే కాదు. మీ ఊళ్ళో ఈసారి పోటీ జరిగినప్పుడు మార్కుల కాగితం అడిగి తీసుకుని, చివరి గడిలో ఏముందో చూడండి.